ఏడిస్తే దిండు కదలాలి: వినపడని తల్లిదండ్రుల కోసం ఇంట్లో చేసిన బేబీ మానిటర్ (కేస్ స్టడీ)

మా అక్కకు, బావకు పుట్టుక నుంచీ వినపడదు. వాళ్లిద్దరూ సైగల్లో మాట్లాడుకుంటారు. నాతో కొంత సైగలు, కొంత వాట్సాప్. 2023 నవంబరులో వాళ్లకు బాబు పుట్టాడు. ఆస్పత్రిలోనే వాడికి ఓఏఈ పరీక్ష చేశారు. చెవిలో చిన్న ప్రోబ్ పెట్టి శబ్దం పంపి, లోపలి చెవి నుంచి తిరిగొచ్చే ప్రతిధ్వనిని కొలిచే పరీక్ష అది. రెండు చెవులూ బాగున్నాయన్నారు.

పురుడు మా ఇంట్లోనే కాబట్టి మొదటి నాలుగు నెలలు ఏ ఇబ్బందీ తెలియలేదు. రాత్రి వాడు కుయ్యిమంటే అమ్మ లేచేది, అక్కను తట్టి లేపేది. అయిదో నెలలో సారె పెట్టి రాజమండ్రి పంపించాం. అక్కడ వాళ్లది రెండో అంతస్తులో రెండు గదుల పోర్షన్. అత్తగారు, మామగారు పల్లెలో ఉంటారు. రాత్రి ఇంట్లో ఉండేది ముగ్గురే. ఆ ముగ్గురిలో ఏడుపు వినపడేది ఏడ్చేవాడికి మాత్రమే.

వెళ్లిన వారానికి వీడియో కాల్‌లో అక్క చేతికి ఏదో కట్టి ఉండటం చూశాను. ఉయ్యాల ఊపే తాడు. ఒక కొస ఉయ్యాలకు, ఇంకో కొస తన మణికట్టుకు. "వాడు కాళ్లు ఆడిస్తే తాడు లాగుతుంది, నాకు మెలకువ వస్తుంది" అని సైగ చేసింది. ఆరు రాత్రులు అలాగే గడిపిందట. ఏడో రాత్రి వాడికి జలుబు. ఒంట్లో ఓపిక లేక కాళ్లు ఆడించలేదు, పడుకున్నచోటే ఏడ్చాడు. మూడింటికి అక్క తనంతట తాను లేచి చూస్తే ముఖం కందగడ్డలా ఉంది, జుట్టు చెమటతో తడిసిపోయి ఉంది. ఎంతసేపు ఏడ్చాడో తనకు తెలియదు. పొద్దున పక్కింటావిడ కాగితం మీద రాసి చూపించింది: "రాత్రి చాలాసేపు ఏడ్చాడమ్మా." ఆ కాగితాన్ని ఫొటో తీసి నాకు పంపింది అక్క.

పసివాడి దగ్గర తాడు ఉండటమే ప్రమాదం, ముందు అది తీసెయ్యమన్నాను. తీసేస్తే దాని బదులు ఏమిటని అడిగింది. పదేళ్లుగా మోటారు కంట్రోలర్లు, మీటర్ల బోర్డులు చేస్తున్నవాణ్ని. వారంలో చేసి తెస్తానని మాట ఇచ్చాను. నమ్మదగిన స్థితికి రావడానికి పది వారాలు పట్టింది. ఆ పది వారాల లెక్కే ఇది. ఇలాంటిది చేయాలనుకునే వాళ్లకు పనికొస్తుందని, ఏది ఎందుకు చెడిందో కూడా పూసగుచ్చినట్టు రాస్తున్నాను.

అక్క అడిగిన ప్రశ్న

మొదలుపెట్టే ముందు ఏమేం కావాలో చెప్పమన్నాను. "ఏడిస్తే ఫోన్ వణకాలి, చేతి వాచీ వణకాలి" అంటుందనుకున్నాను. అవన్నీ తర్వాత చెప్పింది. ముందు అడిగింది ఇది: "నేను కళ్లు మూసుకునేటప్పుడు అది పనిచేస్తోందని నాకెలా తెలుస్తుంది?"

వినపడేవాళ్లకు ఈ ప్రశ్న రాదు. బజార్లో దొరికే బేబీ మానిటర్లో సన్నగా సర్రుమనే శబ్దం వస్తూనే ఉంటుంది, అది ఆగితే మనకు తెలుస్తుంది. కరెంటు పోతే ఫ్యాన్ చప్పుడు ఆగిపోయి మెలకువ వస్తుంది. పరికరం మూగబోయినా పక్క గదిలోంచి ఏడుపు నేరుగా చెవిన పడుతుంది. అక్కకు వీటిలో ఏదీ లేదు. తన వరకు, బాబు హాయిగా నిద్రపోవడం, పరికరం చచ్చిపోవడం రెండూ ఒకేలా ఉంటాయి. ఏడిస్తే కబురు పంపడం సులువైన సగం. కబురు పంపలేని స్థితిలో ఉన్నప్పుడు ఆ సంగతి చెప్పగలగడం అసలు సగం. ఇది నాకు తలకెక్కింది మాత్రం రెండు దెబ్బలు తిన్నాకే.

మొదటి నమూనా: ఫోన్ ఒక్కటే

మొదట చేసింది అందరూ చేసేదే. ఒక ఈఎస్‌పీ32 బోర్డు (వైఫై ఉన్న చిన్న కంట్రోలర్), దానికి ఎల్‌ఎం393 చిప్పుతో వచ్చే చవక సౌండ్ సెన్సర్, మెసేజింగ్ యాప్‌లో ఒక బాట్, అంటే తనంతట తాను మెసేజ్‌లు పంపే ప్రోగ్రామ్. శబ్దం వస్తే బాట్ నుంచి అక్క ఫోన్‌కి మెసేజ్. ఒక సాయంత్రంలో అయిపోయింది.

ఆ సెన్సర్ చేసేది ఒకటే పని. మైకులో వోల్టేజి ఒక గీత దాటిందా లేదా అని చెబుతుంది. గీత ఎక్కడుండాలో చిన్న స్క్రూ తిప్పి సరిచేయాలి. గిన్నె కింద పడ్డా దాటుతుంది, తలుపు పడ్డా దాటుతుంది. స్క్రూ కాస్త బిగిస్తే బాబు సన్నటి ఏడుపు దానికి అందదు. మొదటిరోజు సాయంత్రం అక్క వంట చేస్తుంటే గంటలో 17 మెసేజ్‌లు వచ్చాయి. అన్నీ పోపు గరిట, కుక్కర్, పక్కింటి మిక్సీ.

రాత్రి ఇంకో సమస్య. ఫోన్ కాసేపు కదలకుండా ఉంటే ఆండ్రాయిడ్ బ్యాటరీ ఆదా చేయడానికి యాప్‌లను నిద్రపుచ్చుతుంది. మెసేజ్ ఒకోసారి వెంటనే, ఒకోసారి చాలా ఆలస్యంగా వస్తోంది. వచ్చినా ఒక్కసారి జుయ్‌మని ఆగిపోతుంది. పరుపు మీద పెట్టిన ఫోన్ అలా ఒక్కసారి వణికితే నిద్రలో ఉన్న మనిషికి తెలియదు.

ఫోన్ సంగతి ముందే చెప్పేస్తాను. ఇప్పుడు వాడుతున్నది ఎన్‌టీఎఫ్‌వై అనే ఓపెన్ సోర్స్ నోటిఫికేషన్ సర్వీసు. ఒక టాపిక్ పేరు పెట్టుకుని, దానికి మామూలు హెచ్‌టీటీపీ రిక్వెస్ట్ (బ్రౌజర్ వెబ్ పేజీని అడిగే పద్ధతే) పంపితే ఆ టాపిక్‌ను సబ్‌స్క్రైబ్ చేసుకున్న ఫోన్లన్నిటికీ వెళుతుంది. ప్రయారిటీ 1 నుంచి 5 వరకు ఉంటుంది. 5 పెడితే వైబ్రేషన్ పొడుగ్గా, మళ్లీ మళ్లీ వస్తుంది. అనుమతి ఇస్తే డు నాట్ డిస్టర్బ్‌ను కూడా దాటి వస్తుంది. ఫోన్ సెట్టింగ్స్‌లో ఆ యాప్‌కు బ్యాటరీ ఆప్టిమైజేషన్ తీసేయాలి. ఇది మరిచిపోతే మిగతాదంతా వృథా. టాపిక్ పేరు తెలిసినవాళ్లెవరైనా చదవగలరు కాబట్టి బాబు పేరో, ఇంటి పేరో పెట్టకూడదు. పాస్‌వర్డ్ లాగా పొడుగాటి, అర్థంలేని అక్షరాల వరుస పెట్టాను.

పగటిపూట ఇది చక్కగా పనిచేస్తోంది. ఫోన్ నోటిఫికేషన్ బ్లూటూత్ మీద చేతి వాచీకి వెళుతుంది. అక్క వంటింట్లో ఉన్నా, పైన బట్టలు ఆరేస్తున్నా మణికట్టు మీద తెలుస్తుంది. రాత్రికి మాత్రం ఇది రెండో దారిగానే ఉండాలని తేల్చుకున్నాను. ఇంటర్నెట్ పోతే, ఫోన్ చార్జింగ్ అయిపోతే, బ్లూటూత్ తెగితే వాచీ ఉత్త గడియారమే.

దిండు యూనిట్

అందుకని రెండో బోర్డు. మొదటిది తొట్టె దగ్గర, రెండోది అక్క మంచం పక్కన బల్ల మీద. ఈ రెండింటి మధ్య రూటర్‌తో పని లేకుండా ఈఎస్‌పీ-నౌ అనే పద్ధతిలో మాట్లాడిస్తాను. ఈఎస్‌పీ బోర్డులు ఒకదానికొకటి నేరుగా చిన్న చిన్న ప్యాకెట్లు పంపుకునే పద్ధతి ఇది. ఒక ప్యాకెట్‌లో 250 బైట్ల దాకా పట్టినా, నాకు పది బైట్లు చాలు.

వణికే మోటారు కోసం చాలా తిప్పలు పడ్డాను. సెల్‌ఫోన్ల నుంచి తీసిన బిళ్ల మోటారు దిండు కింద పెడితే దూది మింగేస్తుంది. గేమ్ కంట్రోలర్లలో ఉండే పెద్ద మోటారు, ఇరుసుకు ఒక పక్క మాత్రమే బరువు ఉండేది, సరిపోయింది. దాన్ని మూతున్న ప్లాస్టిక్ సబ్బుపెట్టెలో అరల మధ్య బిగించాను. ఊరికే అతికిస్తే మోటారు తనంతట తాను ఊగుతుంది తప్ప పెట్టె కదలదు. మోటారు ఒళ్లు పెట్టె గోడలకు గట్టిగా ఆనుకుని ఉండాలి.

బోర్డు పిన్ నుంచి నేరుగా మోటారు నడపకూడదు. పిన్ ఇవ్వగలిగేది కొన్ని పదుల మిల్లీయాంపులు, మోటారు తీసుకునేది వందకు పైన. మధ్యలో లాజిక్ లెవెల్ మాస్‌ఫెట్ (పిన్ ఇచ్చే చిన్న సంకేతంతో పెద్ద కరెంటును నడిపే స్విచ్చు), మోటారు ఆగేటప్పుడు ఎదురొచ్చే వోల్టేజిని మళ్లించడానికి దానికి అడ్డంగా ఒక డయోడ్ పెట్టాలి. అవన్నీ పెట్టినా మోటారు స్టార్ట్ అయిన ప్రతిసారీ బోర్డు రీసెట్ అయ్యేది. బోర్డు పంపే సందేశాలు కంప్యూటర్‌లో చూపించే సీరియల్ మానిటర్‌లో "బ్రౌనౌట్ డిటెక్టర్ వాజ్ ట్రిగర్డ్" అనే లైను. మోటారు మొదలయ్యే క్షణంలో కరెంటు ఒక్కసారిగా లాగేస్తే వోల్టేజి పడిపోతుంది, బోర్డు తనను తాను ఆపేసుకుంటుంది. ఏడుపు వచ్చినప్పుడే చచ్చిపోయే పరికరం అన్నమాట. మోటారుకు వేరే 5 వోల్టుల లైను లాగి, బోర్డు దగ్గర కరెంటును కాస్త నిల్వ ఉంచే 470 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టాక ఆగింది.

ఒక నియమం గట్టిగా పెట్టుకున్నాను. దిండు కిందకు వెళ్లేది మోటారు ఉన్న సబ్బుపెట్టె ఒక్కటే. బోర్డు, పవర్ బ్యాంకు బల్ల మీదే ఉంటాయి. లిథియం సెల్ ఉన్నదేదీ పరుపు మీదకు రాకూడదు.

ఏడుపును గుర్తుపట్టడం

చవక సెన్సర్ తీసేసి ఐఎన్‌ఎంపీ441 మైకు పెట్టాను. ఇది డిజిటల్ మైకు. ఐ2ఎస్ (చిప్పుల మధ్య డిజిటల్ శబ్దం పంపే పద్ధతి) తీగల మీద నేరుగా అంకెలు పంపుతుంది, మధ్యలో అనలాగ్ గోల ఉండదు. 3.3 వోల్టులు ఇచ్చి, ఎల్/ఆర్ పిన్‌ను గ్రౌండ్‌కు కలిపితే ఎడమ చానెల్‌లో వస్తుంది. సెకనుకు 16,000 శాంపిళ్లు తీసుకుని, 1,024 చొప్పున ఎఫ్‌ఎఫ్‌టీ (శబ్దాన్ని ఫ్రీక్వెన్సీలుగా విడదీసే లెక్క) చేస్తే 64 మిల్లీసెకన్లకు ఒక చిత్రం వస్తుంది. ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత శక్తి ఉందో 15.6 హెర్ట్జ్ మెట్లతో కనిపిస్తుంది.

పసిపిల్లల ఏడుపు మూలస్వరం సాధారణంగా 300 నుంచి 600 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. దాని మీద రెండింతలు, మూడింతల దగ్గర వరసగా శిఖరాలు కనబడతాయి. ఎయిర్ కూలర్ మోత తీరు వేరు. అడుగున బొంయ్‌మనే భాగం, మిగతాదంతా అన్ని ఫ్రీక్వెన్సీలలో పరుచుకున్న హోరు. శిఖరాలు విడిగా నిలబడవు. కుక్కర్ విజిల్‌లో ఆవిరి హోరే ఎక్కువ, పైగా అది విడవకుండా సాగుతుంది. ఏడుపుకు ఊపిరి ఉంటుంది. సుమారు ఒక సెకను గుక్క, చిన్న విరామం, మళ్లీ గుక్క. నేను పెట్టుకున్న నియమం ఈ రెండూ కలిపినది. 300 నుంచి 650 హెర్ట్జ్ మధ్య శిఖరం, దాని రెండింతల దగ్గర ఇంకో శిఖరం, ఈ రూపం పది సెకన్లలో కనీసం మూడుసార్లు విరామాలతో రావాలి. అప్పుడే అలర్ట్.

గూగుల్ వాళ్ల యామ్‌నెట్ అనే మోడల్ కూడా ప్రయత్నించాను. అది 521 రకాల శబ్దాలను గుర్తుపడుతుంది, అందులో పసిపిల్లల ఏడుపు ఒకటి. దాన్ని నడపాలంటే రాస్ప్‌బెర్రీ పై లాంటి చిన్న కంప్యూటరు కావాలి. అది ఎస్‌డీ కార్డు మీద బతుకుతుంది, బూట్ అవడానికి టైమ్ పడుతుంది. చెడిపోయే భాగాలు పెరిగితే అక్క ప్రశ్నకు జవాబు ఇంకా కష్టమవుతుంది. ఇక్కడ నాకు తెలివైన పరికరం కంటే, ఏం చేస్తోందో నేను పూర్తిగా చెప్పగలిగే పరికరం ముఖ్యం అనిపించింది.

ఈ నియమాలకు లొంగనిది పిల్లి. రాజమండ్రి ఇంటి పక్క రేకుల షెడ్డు మీద రాత్రుళ్లు రెండు పిల్లులు అరుచుకునేవి. వాటి అరుపు ఎఫ్‌ఎఫ్‌టీలో చూస్తే బాబు ఏడుపుకు అన్నదమ్ముల్లా ఉంది. మూలస్వరం అక్కడే, శిఖరాలు అలాగే, మధ్యలో విరామాలు కూడా. రెండు రోజులు దాన్ని విడదీసే లెక్క కోసం కూర్చుని వదిలేశాను. దూరమే విడదీసింది. శబ్దం మూలం నుంచి దూరం రెట్టింపయ్యే కొద్దీ స్థాయి సుమారు 6 డెసిబెల్స్ పడిపోతుంది. మైకును కిటికీ వైపు గోడ నుంచి తీసి ఎదురు గోడకు, తొట్టెకు ఒక మీటరు దూరంలో బిగించాను. వైరును గోడకు క్లిప్పులు కొట్టాను. వైరు బిడ్డకు ఎప్పుడూ మూడడుగుల దూరంలో ఉండాలన్నది అమెరికా ఉత్పత్తుల భద్రతా సంస్థ బేబీ మానిటర్లకు చెప్పే సూచన. అది కూడా ఇలా పాటించినట్టయింది. ఇప్పుడు బాబు సన్నగా ఏడ్చినా పిల్లి గట్టిగా అరిచిన దానికన్నా పైనే ఉంటుంది. ఇంకా అప్పుడప్పుడూ పిల్లికి మోటారు తిరుగుతుంది. దాన్ని పూర్తిగా ఆపాలంటే గీత పైకి జరపాలి, అప్పుడు బాబు మూలుగు కిందకు పోతుంది. అది నేను చేయను. అక్క కూడా వద్దంది.

రెండు దెబ్బలు

మొదటిది మైకు తీగ. మూడో వారంలో ఒక రాత్రి బాబు ఏడ్చాడు, అలర్ట్ రాలేదు. ఆ రాత్రి బావ మంచినీళ్లకు లేచి చూశాడు కాబట్టి తెలిసింది. బోర్డు నడుస్తోంది, వైఫై ఉంది, ఆకుపచ్చ లైటు వెలుగుతోంది. మైకు డేటా పిన్ దగ్గర నేను చేసిన సోల్డరింగ్ వదులై ఊడింది. బోర్డుకు అందుతున్నవన్నీ సున్నాలు. సున్నాలంటే నిశ్శబ్దం, నిశ్శబ్దమంటే బాబు నిద్రపోతున్నాడు. నా కోడ్ అలా అర్థం చేసుకుని రాత్రంతా అంతా బాగుందని చెబుతూ కూర్చుంది. ఆ రాత్రి బావ పంపిన మెసేజ్ ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది. "లైటు వెలుగుతోంది, వాడు ఏడుస్తున్నాడు." ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. లైటు పెట్టింది నేను. ఆ లైటును నమ్మి పడుకోమన్నదీ నేనే.

దీనికి మందు మైకు స్వభావంలోనే ఉంది. ఏ మైకూ సున్నా ఇవ్వదు. ఐఎన్‌ఎంపీ441కు తనదంటూ ఒక లోపలి రొద ఉంటుంది, 33 డెసిబెల్స్ శబ్దానికి సమానం. గదిలో ఫ్యాన్ లేకపోయినా అంకెలు చీమల్లా కదులుతూనే ఉండాలి. పది సెకన్ల పాటు ఆ కదలిక ఒక స్థాయి కంటే తగ్గితే మైకు పోయినట్టు లెక్క, వెంటనే దిండు వణకాలి. నాలుగు లైన్ల కోడ్. నిశ్శబ్దానికీ, వినలేకపోవడానికీ తేడా ఆ నాలుగు లైన్లలో ఉంది.

రెండోది రూటర్ చానెల్. తొట్టె యూనిట్ వైఫైకి కూడా కలిసి ఉంటుంది కాబట్టి రూటర్ ఏ చానెల్‌లో (వైఫై వాడుకునే ఫ్రీక్వెన్సీ ముక్క) ఉంటే అదే చానెల్‌లో ఉండి తీరాలి. దిండు యూనిట్‌ను వైఫైకి కలపలేదు, చానెల్ 6 అని కోడ్‌లో రాసేశాను. ఒక రాత్రి రెండింటికి రూటర్ తనంతట తాను చానెల్ 11కి మారింది. చుట్టుపక్కల రద్దీ చూసి రూటర్లు అలా మారుతుంటాయి. తొట్టె యూనిట్ దానితో వెళ్లిపోయింది. దిండు యూనిట్ ఖాళీ చానెల్‌లో చెవి పెట్టుకుని కూర్చుంది.

ఈసారి మాత్రం తెలిసింది, ఎందుకంటే అప్పటికి గుండెచప్పుడు పెట్టాను. తొట్టె యూనిట్ రెండు సెకన్లకోసారి "ఉన్నాను" అని ఒక ప్యాకెట్ పంపుతుంది. దిండు యూనిట్‌కు 20 సెకన్ల పాటు ఆ ప్యాకెట్ అందకపోతే తనే మోటారు తిప్పుతుంది. ఇక్కడ దిశ ముఖ్యం. చెడినవాడు చెడ్డానని చెప్పలేడు. ఎదురుచూసేవాడు కబురు రాలేదని అరవాలి. ఆ రాత్రి అక్క రెండింటికి లేచి, బాబును చూసి, వాణ్ని తన పక్కన పడుకోబెట్టుకుని చెయ్యి వేసుకుని పొద్దున దాకా ఉంది. నాకు మెసేజ్ పెట్టింది: "చెడింది. కానీ చెప్పింది." రూటర్‌లో చానెల్ ఫిక్స్ చేశాను. ప్యాకెట్లు ఆగితే దిండు యూనిట్ మోటారు తిప్పుతూనే అన్ని చానెళ్లూ వెతికేలా మార్చాను.

ఇంకో చిన్న లోపం కూడా గుండెచప్పుడు వల్లే బయటపడింది. ఫోన్‌కు అలర్ట్ పంపేటప్పుడు హెచ్‌టీటీపీఎస్ (రహస్య లిపిలో సాగే హెచ్‌టీటీపీ) కనెక్షన్ కోసం బోర్డు ఒకటి రెండు సెకన్లు ఆగిపోయేది, నెట్ నెమ్మదిగా ఉంటే ఇంకా ఎక్కువ. అంతసేపూ మైకు వినేవాడు లేడు. ఈఎస్‌పీ32లో రెండు కోర్లు, అంటే ఒకేసారి వేర్వేరు పనులు చేయగల భాగాలు, ఉంటాయి. వినే పని ఒకదానికి, పంపే పని ఇంకోదానికి విడగొట్టాను.

కరెంటు

ఏప్రిల్, మే నెలల్లో వాళ్ల వీధిలో కరెంటు పోవడం మామూలే. పోర్షన్‌లో ఇన్వర్టర్ లేదు. రూటర్‌కు 12 వోల్టుల మినీ యూపీఎస్, రెండు యూనిట్లకు పవర్ బ్యాంకులు. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. అన్ని పవర్ బ్యాంకులూ చార్జ్ అవుతూ కరెంటు ఇవ్వవు. ఇచ్చేవాటిలో కూడా కొన్ని మెయిన్స్ పోయిన క్షణంలో ఒక్క రెప్పపాటు అవుట్‌పుట్ ఆపుతాయి. ఆ రెప్పపాటుకు బోర్డు రీస్టార్ట్ అవుతుంది. నాలుగైదు సెకన్లలో లేస్తుంది కాబట్టి 20 సెకన్ల గడువు లోపలే సర్దుకుంటుంది. గడువును 20 పెట్టింది అందుకే. ఐదు పెట్టి చూస్తే కరెంటు పోయిన ప్రతిసారీ అక్క లేవాల్సి వచ్చింది.

లైట్ల పట్టీ

ఇది నా ఆలోచన కాదు, అక్కదే. దొంగ అలర్ట్ వస్తే మనం చెవి ఒగ్గి విని, ఏమీ లేదని మళ్లీ పడుకుంటాం. తను ప్రతిసారీ లేచి, లైటు వేసి, తొట్టెలోకి చూడాలి. లైటుకు వాడు లేస్తాడు. "శబ్దం ఎంతుందో నాకు కనబడేలా చెయ్యి" అంది.

దిండు యూనిట్ మీద ఎనిమిది చిన్న ఎల్‌ఈడీల పట్టీ పెట్టాను. తొట్టె దగ్గర శబ్దం పెరిగే కొద్దీ లైట్లు ఒక్కొక్కటీ వెలుగుతాయి, తగ్గితే ఆరుతాయి. పదిలో ఒక వంతు వెలుతురు మాత్రమే, గదిలో చీకటి చెడకుండా. అడుగున ఉన్న ఆకుపచ్చ లైటు కొత్త గుండెచప్పుడు ప్యాకెట్ వచ్చినప్పుడల్లా ఒకసారి మిణుకుతుంది. ఆగకుండా వెలిగే లైటును నేనిక నమ్మను. బోర్డు హ్యాంగ్ అయిపోయినా లైటు వెలుగుతూనే ఉంటుంది. మిణుకు మాత్రం ఆగిపోతుంది.

పెట్టిన రెండో రోజు వీడియో కాల్‌లో అక్క ఫోన్‌ను ఆ పట్టీ వైపు తిప్పింది. మూడు లైట్లు, ఒకటి, నాలుగు, రెండు, గబగబా మారుతున్నాయి. తొట్టెలో వాడు తనలో తాను ఊఁ కొడుతున్నాడు. "ఇది ఏడుపు కాదు, ఏడుపైతే నింపాదిగా పైకెళ్లి ఆగి దిగుతుంది. ఇది కబుర్లు" అని సైగ చేసింది. ఆకలి ఏడుపు, నిద్ర ఏడుపు కూడా లైట్ల నడకలో తేడా పట్టేస్తానంది తర్వాత. నేను రాసిన నియమంలో అంత పట్టు లేదు. వారం రోజులు ఆ పట్టీని చూసిన తల్లి కంటికి వచ్చింది.

పట్టీ వల్ల రోజూ పరీక్ష కూడా కుదిరింది. పడుకునే ముందు బావ తొట్టె దగ్గర మూడుసార్లు చప్పట్లు కొడతాడు, అక్క మంచం దగ్గర లైట్లు చూస్తుంది. తర్వాత తొట్టె యూనిట్ వెనక బటన్ నొక్కితే దిండు ఏడుపు తీరులో ఒకసారి వణుకుతుంది. ఆ రెండూ అయ్యాకే పడక. తీరులు మొత్తం రెండే పెట్టాం. చిన్నచిన్నగా వరసగా వణికితే ఏడుపు. పొడుగ్గా రెండుసార్లు వణికితే పరికరంలో లోపం. లోపం అయితే ఫోన్ అలర్ట్ అక్కతో పాటు నాకు, అమ్మకు కూడా వస్తుంది. అమ్మ వెంటనే బావకు వీడియో కాల్ చేస్తుంది. ఒకసారి అర్ధరాత్రి నాకు కూడా ఫోన్ చేసింది: "ఒరేయ్, రెండుసార్లు వచ్చిందిరా, చూడు."

మూడో తీరు ఒకటి అడిగింది అక్క. నవ్వితే వేరేగా వణకాలని. ప్రయత్నించాను. నవ్వును నమ్మకంగా పట్టలేకపోయాను. పట్టలేనిదాన్ని పరికరంలో పెట్టనన్నాను. సరేనంది.

దీనితో చేయకూడనివి

ఇది ఏడుపును మాత్రమే వింటుంది. ఊపిరిని, గుండెను, జ్వరాన్ని చూడదు. దీని గురించి నన్ను అడిగినవాళ్లలో ఇద్దరు ఊపిరి సెన్సర్ కూడా కలపమన్నారు. కలపను. నిద్రలో హఠాత్ మరణం ముప్పును తగ్గించడానికి ఇళ్లలో వాడే గుండె, ఊపిరి మానిటర్ల మీద ఆధారపడవద్దని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2022 మార్గదర్శకాల్లో స్పష్టంగా ఉంది. వాళ్లు చెప్పేవి వేరే. వెల్లకిలా పడుకోబెట్టడం, గట్టిగా చదునుగా ఉన్న పక్క, తల్లిదండ్రుల గదిలోనే కానీ వేరే పడక. అందుకే రాత్రి పడక చీర ఉయ్యాల నుంచి చదునైన చెక్క తొట్టెకు మార్పించాం. ఉయ్యాల ఇప్పుడు పగలు, ఎవరైనా ఎదురుగా ఉన్నప్పుడే.

కెమెరా పెట్టలేదు. పెట్టమన్నవాళ్లు ఉన్నారు. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌లు మార్చని ఇళ్ల కెమెరాలను, రూటర్లను లక్షల సంఖ్యలో పట్టుకుంది. నేను వీలైనంత తక్కువ బయటకు పంపాలనుకున్నాను. తొట్టె యూనిట్ నుంచి శబ్దం బయటకు వెళ్లదు, రికార్డు కాదు. వెళ్లేది ఒక అంకె, ఒక అలర్ట్ మాట. రూటర్‌లో బయటివాళ్లకు ఏ పోర్టూ తెరవలేదు.

ఖర్చు రెండు బోర్డులు, మైకు, మోటారు, పట్టీ, పెట్టెలు అన్నీ కలిపి రెండు వేల రూపాయల లోపే. పవర్ బ్యాంకులు, యూపీఎస్ వేరు. ఈఎస్‌పీ32 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకే కలుస్తుంది. రూటర్‌లో రెండు బ్యాండ్లకూ (2.4, 5 గిగాహెర్ట్జ్) ఒకే పేరుంటే ముందు విడదీసుకోవాలి.

ఇప్పుడు

బాబు నడుస్తున్నాడు. ఇప్పుడు లేస్తే ఏడవడానికి ముందే మంచం దగ్గరికి వచ్చి అక్క చెంప మీద తడుతున్నాడు. పిలిస్తే అమ్మ పలకదని, తడితే చూస్తుందని వాడికి ఎవరూ చెప్పలేదు. చప్పట్ల పరీక్ష మాత్రం ఆపలేదు. చప్పట్లు ఇప్పుడు వాడే కొడతాడు, బావ ఎత్తుకుని తొట్టె దగ్గర నిలబెడితే. లైట్లు ఎక్కడిదాకా వెళ్లాయో అక్క వేళ్లతో చూపిస్తుంది.

మోటారు తీగ సబ్బుపెట్టెలోంచి బయటకు వచ్చే చోట రోజూ వంగి వంగి ఇప్పటికి రెండుసార్లు తెగింది. రెండుసార్లూ రాత్రి పరీక్షలోనే బయటపడింది. ఈసారి వెళ్లినప్పుడు అక్కడ రబ్బరు గొట్టం తొడిగి, సిద్ధంగా సోల్డర్ చేసిన ఇంకో సబ్బుపెట్టె అలమారలో పెట్టి వచ్చాను. ఎలా మార్చాలో బావ చేత రెండుసార్లు చేయించి చూశాను.